నలభై మూడు డిగ్రీలు

మా ఆయన కంప్యూటర్‌కి జ్వరం చూసినంత శ్రద్ధగా నాకెప్పుడూ చూడలేదు. ఈ మాట పెళ్లైన కొత్తలో నవ్వుతూ అన్నాను, తర్వాత చాలాసార్లు కోపంగా అన్నాను. ఇప్పుడు అంటే ఆయన నా మొహంలోకి మెత్తగా చూస్తారు. ఆ చూపుకి అర్థమేమిటో నాకు తెలియదు. నలభై ఏళ్ల పాటు పిల్లలకి లెక్కలు చెప్పి, అర్థం కాలేదని నిలబడ్డ ప్రతి ఒక్కరినీ అర్థమయ్యేదాకా వదలని మనిషిని నేను. ఈ ఒక్క మొహం దగ్గర చేతులెత్తేశాను.

ఆయన ఒక ఆఫీసులో కంప్యూటర్ల సెక్షన్ చూసేవారు. కంప్యూటర్ అంటే జనం చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లే రోజుల నుంచీ ఆయనకి అదే పని. కంప్యూటర్ లోపల లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్ అనే చిన్న ముక్క. ఆ రోజుల్లో దానికి ఊరికే ఉండడం తెలిసేది కాదట. చేసేదేమీ లేకపోయినా లోపల గిరగిరా తిరుగుతూ వేడెక్కిపోయేది. ఆయన ఒక చిన్న ప్రోగ్రామ్ ఎక్కించేవారు. పని వచ్చినప్పుడు లేపుతాను, అందాకా పడుకో అని ప్రాసెసర్‌కి చెప్పడమే దాని ఉద్యోగం. అది ఎక్కించిన మర్నాడు మిషన్ మీద చెయ్యి పెట్టి చూసి, చల్లగా ఉందని సంతోషపడి ఇంటికొచ్చేవారు. ఆ సంతోషం నాకు చెప్పేవారు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ నేను ఊఁ కొట్టేదాన్ని.

ఇప్పటి కంప్యూటర్లకి ఆ బుద్ధి పుట్టుకతోనే వస్తుందని ఆయనే చెప్పేవారు. అయినా వాటిని నమ్మేవారు కాదు. రిటైరయ్యాక నేరేడ్‌మెట్‌లో ఈ పై వాటాలోకి వచ్చాం. పైన స్లాబు, స్లాబు మీద ఎండ. ఈ వేడిలో నా గతేమిటని నేను అడుగుతుంటే, ఆయన కంప్యూటర్ గతేమిటని చూసుకున్నారు. వెనకాల దొంగచాటుగా నడిచేవన్నీ ఒక్కొక్కటే ఆపేశారు. ప్రాసెసర్ పూర్తి వేగం అందుకోకుండా కళ్లెం వేశారు. చివరికి ఒక ఫ్యాన్ ప్రోగ్రామ్ తెచ్చిపెట్టారు. నలభై మూడు డిగ్రీలు దాటబోతే అది లోపలి ఫ్యాన్ వేగం పెంచుతుంది, దిగితే తగ్గిస్తుంది. నలభై మూడే ఎందుకని అడిగాను.

“దానికి అక్కడ హాయిగా ఉంటుంది,” అన్నారు. ఇంతకు మించి కారణం చెప్పలేదు.

కళ్లు మందగించాక, లోపలి వేడి ఎంతుందో చూపించే అంకెని తెర మధ్యలో అరచెయ్యంత పెద్దది చేసుకున్నారు. కుర్చీ వేసుకుని దాని ముందు కూర్చోవడం, పేపర్ చదువుతూ మధ్యమధ్యలో తలెత్తి దాన్ని చూడడం. ఒక డిగ్రీ పెరిగితే పేపర్ మడిచి పక్కన పెట్టి, ఏం తిరుగుతోందో వెతికి పట్టుకునేదాకా ఊరుకునేవారు కాదు. కంప్యూటర్‌తో వేరే పనేమీ చేసేవారు కాదు. పని చేస్తే వేడెక్కుతుంది కదా.

మాకు పిల్లల్లేరు. అందుకని దాన్ని మీ ముద్దులకొడుకు అనేదాన్ని. వంటింట్లోంచి కేకేసేదాన్ని, “ఏమండీ, ఎంతుంది మీ ముద్దులకొడుక్కి?” అని.

“నలభై మూడు,” అని ముందుగదిలోంచి వచ్చేది జవాబు. ఒక క్షణం ఆగి, “నీకే ఎక్కువుంది,” అనేవారు.

నాకు కోపం ఎక్కువన్న మాట నిజమే. పాలవాడి మీద, బస్సు ఆపని డ్రైవర్ మీద, ప్రసంగం గంట దాటించే పాస్టర్ గారి మీద, కూర్చున్న చోటే కూర్చుని కోపం తెచ్చుకోగలను. “నీకూ ఒక ప్రోగ్రామ్ ఎక్కించాలి. పని లేకపోయినా వేడెక్కుతావు,” అనేవారు ఆయన. అన్నేళ్లలో ఆయన నన్ను ఏడిపించిన మాట ఆ ఒక్కటే. రోజూ అదే. విసుగొచ్చేది కూడా.

ఒక వానాకాలం పొద్దున ఆయన స్నానానికి వెళ్లి బయటికి రాలేదు. తలుపు తీయించేసరికి కుడిపక్క పడిపోయింది. మాట కూడా పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాక కాలు కొంచెం కూడదీసుకుంది. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తారు, ఎడమచేత్తో ముద్ద అందుకుంటారు. మాట మాత్రం రాలేదు. గొంతులో ఏదో గరగర తప్ప ఒక్క అక్షరం లేదు. రోజంతా కాలుగాలిన పిల్లిలా మంచం మీద అటూ ఇటూ కొట్టుకునేవారు. ఏం కావాలో నాకు తెలిసేది కాదు. నీళ్లా, దుప్పటా, వాకిలి తియ్యనా అని ఒక్కోటీ అడిగి చూసేదాన్ని.

చివరికి ఏమీ తోచక కంప్యూటర్ ఆన్ చేసి, దాని ముందు ఆయన కుర్చీలో కూర్చోబెట్టాను. అంతే, నెమ్మదించారు. తెర వైపు చూస్తూ ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు నుంచి పొద్దున్నే పళ్లు తోమించినట్టే కంప్యూటర్ ఆన్ చెయ్యడం కూడా నా పనైంది. దాన్ని ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు. అది ఊరికే ఉండేది, ఆయన ఊరికే ఉండేవారు.

ఒకరోజు వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. మనసు ఎక్కడో ఉంది. నోరు దాని పాటికి అది పాత కేక వేసేసింది, “ఏమండీ, ఎంతుంది మీ ముద్దులకొడుక్కి?” అని. అనేశాక నాలుక కరుచుకున్నాను.

“నలభై మూడు.”

పళ్లెం కింద పడింది. గొంతు కొంచెం బొంగురుగా ఉంది, కానీ ఆయనదే. పరుగెత్తుకెళ్లి చూస్తే తెర మీద పెద్ద అక్షరాలతో నలభై మూడు. ఆయన నావైపు తిరిగి చూశారు, సరిగ్గా చెప్పాను కదా అన్నట్టు. ఆ కుర్చీ పక్కన నేల మీద కూలబడి ఆయన మోకాలు పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది నాకు. మాట వచ్చింది. మాటొక్కటే కాదు, చదివారు. ముందున్న అంకె చూసి, నేనడిగింది విని, దానికి తగిన జవాబు చెప్పారు. అంటే మనిషి లోపల ఉన్నారు.

లెక్కల టీచర్ని కదా, వెంటనే నమ్మలేదు. సాయంత్రం మళ్లీ అడిగాను. నలభై మూడు. వెళ్లి చూశాను, నలభై మూడే. మర్నాడు, ఆ మర్నాడు అడిగాను. ఒకటి రెండుసార్లు తెర మీద నలభై రెండో నలభై నాలుగో ఉండేది. నేను వంటింట్లోంచి వచ్చేలోపు మారి ఉంటుందని సరిపెట్టుకున్నాను. నీకే ఎక్కువుంది అన్న రెండో మాట రాలేదని గమనించకపోలేదు. అదీ వస్తుంది, ఒక్కోటే వస్తుంది, అనుకున్నాను.

వారానికి రెండుసార్లు మాటలు నేర్పడానికి ఒకావిడ ఇంటికి వచ్చేది. నడివయసు మనిషి, నెమ్మదస్తురాలు. బొమ్మల అట్టలూ పదాల అట్టలూ తెచ్చి ఆయన ముందు పేర్చేది. ఇల్లు చూపించమంటే చూపించేవారు కాదు. నీళ్లు అన్న అట్ట ఇస్తే అటు తిప్పి ఇటు తిప్పి కింద పెట్టేసేవారు. నేను సంబరంగా ఆవిడని వంటింట్లోకి లాక్కెళ్లి, అక్కడినుంచి కేకేసి, జవాబు వినిపించాను.

ఆవిడ మొహంలో సంబరం లేదు. “మేడమ్, చెప్తే మీరు బాధపడ్తరు. ఇది చదువుడు కాదు. నోటికి అలవాటైన మాట అట్ల అదే వస్తది. కొంతమంది ఒకటి రెండు మూడని లెక్కపెడ్తరు, కొంతమంది పాట సుత పాడ్తరు. కానీ మంచినీళ్లు కావాలని అడగలేరు.”

నేను ఒంటికాలి మీద లేచాను. “నోటికి అలవాటైందే వస్తే మా ఇంట్లో పరలోక ప్రార్థన రావాలి కదమ్మా? పుట్టినప్పటి నుంచీ రోజూ చెప్పిన ప్రార్థన అది. నేను పక్కన కూర్చుని మొదలుపెట్టినా ఒక్క ముక్క కలపరు. ఇదెలా వస్తుంది? ఎదురుగా చూస్తున్నారు కాబట్టి వస్తుంది. మీ ఇల్లూ నీళ్లూ ఆయనకెప్పుడూ పట్టలేదు. ఏది కావాలో అది చదువుతున్నారు.”

“సరే మేడమ్. మీరన్నట్లే కానీయండి,” అంది ఆవిడ. అట్టలు సర్దుకుంటూ, “కానీ జెర వేరే ప్రశ్న ఏదన్న అడిగి చూడండి,” అంది.

వేరే ప్రశ్న అడగలేదు నేను. అడగాలని తెలియక కాదు. ఎప్పుడూ ఒకే జవాబు వచ్చే లెక్క పరీక్షలో ఇవ్వకూడదని టీచరైన మొదటి ఏడే నేర్చుకున్నాను. పిల్లవాడు లెక్క చేశాడో, పక్కవాడి పలకలో చూశాడో, నోటికొచ్చింది రాశాడో దాంట్లో తెలియదు. అంకెలు మార్చి అడగాలి. ఇదంతా తెలిసి కూడా, బడి గడప దాటాక ఈ విద్య నాకు అక్కరకు రాలేదు. ఆశ ఉన్న చోట నా లెక్కలు పనిచెయ్యలేదు.

ఆయన అక్క, మా వదిన, కాప్రాలో ఉంటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక మమ్మల్ని చూసి వెళ్తుంది. ఈ సంగతి చెప్పగానే వదిన అక్కడికక్కడే మోకరించి ప్రార్థన చేసింది. లేచి, “ఏమ్మా, ఇంత మేలు జరిగితే ఇంట్లో దాచుకుంటావా? సంఘంలో లేచి సాక్ష్యం చెప్పు,” అంది.

మా సంఘంలో అది ఆనవాయితీ. దేవుడు మేలు చేస్తే ఆ మేలు పొందినవాళ్లు లేచి నిలబడి నలుగురి ముందూ చెప్పాలి. జ్వరాలు తగ్గినవీ, ఉద్యోగాలు వచ్చినవీ, పోయిన బంగారం దొరికినవీ ఎన్నో విన్నాను. నేనెప్పుడూ లేవలేదు. సాక్ష్యాలు వింటూ వీటిలో ఎన్ని వాటంతటవే జరిగేవో అని లోపల లెక్కలు వేసుకునే రకాన్ని. ఆ ఆదివారం మాత్రం లేచాను. మా ఆయనకి మాట వచ్చిందనీ, కంప్యూటర్ మీద అంకె చూసి చదువుతున్నారనీ చెప్పాను. ప్రాసెసర్ అంటే ఏమిటో కూడా సంఘానికి నేనే వివరించాను, తరగతిలో చెప్పినట్టు. స్తోత్రం, హల్లెలూయ అని గది దద్దరిల్లింది. ఆడవాళ్లు వచ్చి నన్ను కావలించుకున్నారు. పరలోక ప్రార్థన మరిచిపోయిన మనిషికి ప్రాసెసర్ వేడి గుర్తుండడమేమిటని ఒక్కరికీ అనుమానం రాలేదు. దేవుడి దారులు వేరంటారు కదా మా వాళ్లు, అనుమానాలన్నీ అందులో సర్దుకుపోతాయి.

చలికాలమంతా అలాగే గడిచింది. నేను అడగడం, ఆయన చెప్పడం, నేను వెళ్లి చూసుకోవడం. అంత సంతోషంగా నా కాపురంలో మరే చలికాలమూ ఉండలేదంటే నమ్ముతారా? రోజూ పొద్దున్న మాకొక సంభాషణ ఉండేది.

ఎండలు ముదిరాయి. స్లాబు పెనంలా కాలేది. మధ్యాహ్నాలు తెర మీద అంకె నలభై ఆరుకి వెళ్లింది, నలభై ఎనిమిదికి వెళ్లింది. లోపలి ఫ్యాన్ గుయ్యిమంటూ ఉన్న శక్తినంతా పెట్టి తిరిగేది. గదిలో గాలే అంత వేడిగా ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది. నేను కేకేసేదాన్ని. నలభై మూడు, అనేవారు. వెళ్లి చూస్తే నలభై ఎనిమిది.

గుండె జారింది. కానీ ఆ గుండెని నేనే ఎత్తి మళ్లీ దాని చోట పెట్టుకున్నాను. కళ్లద్దాలు, అనుకున్నాను. మూడూ ఎనిమిదీ ఒకేలా ఉంటాయి, చూపు ఆనకపోతే ఎవరికైనా తేడా తెలియదు. మరి నలభై ఆరున్నప్పుడో? ఆరు కూడా దూరం నుంచి అలాగే ఉంటుంది. ఇలా నాకు నేనే జవాబు చెప్పుకుని, ఆటో మాట్లాడుకుని రెజిమెంటల్ బజార్‌లో మేం ఎప్పుడూ వెళ్లే కళ్లద్దాల షాపుకి ఆయన్ని తీసుకెళ్లాను. ఆయన్ని దింపడానికి, ఎక్కించడానికి ఆటో అతను, షాపు అతను ఇద్దరూ సాయం పట్టారు. గోడ మీద అక్షరాలు చూపించి చదవమంటే ఆయన షాపు అతని మొహం చూస్తూ కూర్చున్నారు. అతను మిషన్ పెట్టి కళ్లు పరీక్ష చేశాడు.

“పవర్ ఏం మారలేదు టీచర్. పాతయే మంచిగున్నయి. ఎందుకు కొత్తయి?”

“మారింది. చెయ్యి,” అన్నాను.

అతను నా వంక ఒకసారి చూశాడు. అదే పవర్‌తో కొత్తవి చేసిచ్చాడు. కొత్త ఫ్రేము ఆయన ముక్కు మీద బాగా కుదిరింది. ఇంటికొచ్చి, కుర్చీ తెరకి ఇంకా దగ్గరగా జరిపి, అడిగాను. నలభై మూడు. తెర మీద నలభై ఏడు. కొత్త అద్దాలు కదా, అలవాటు పడాలి, అనుకున్నాను.

పాస్టర్ గారు ఫోన్ చేశారు. “అమ్మా, మీ సాక్ష్యం విని చాలామంది బలపడ్డారు. మీ ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెడదాం. అయ్యగారి నోట ఆ మాట అందరం విని దేవుణ్ణి స్తుతిద్దాం,” అన్నారు. మేలు జరిగిన ఇంట్లో అలా కూడిక పెట్టుకోవడం మాకు మామూలే. వదిన అప్పటికే ఒప్పేసుకుంది. శనివారం సాయంత్రం అని ఖాయం చేశారు.

శనివారం మధ్యాహ్నానికే సంఘం నుంచి ప్లాస్టిక్ కుర్చీలు, చాపలు వచ్చేశాయి. కింద వాటా ఓనరమ్మ మెట్లెక్కి వచ్చి, “ఏం టీచరమ్మా, సార్‌కు మాటొచ్చిందంట కద! మస్తు సంతోషమైంది. నేను సుత వస్త మీ ప్రార్థనకు,” అని, స్టీలు గిన్నెలు రెండు ఇచ్చి వెళ్లింది. నేను వంటింట్లో పాయసానికి సేమియా వేయిస్తున్నాను. చెమటకి జాకెట్ వీపుకి అంటుకుపోయింది. వేయిస్తూనే కేకేశాను.

“ఏమండీ, ఎంతుంది మీ ముద్దులకొడుక్కి?”

“నలభై మూడు.”

హమ్మయ్య అనుకున్నాను. సాయంత్రం అందరి ముందూ ఇలాగే చెప్తే చాలు. కొంగుతో మొహం తుడుచుకుంటూ కాస్త గాలికని ముందుగదిలోకి వచ్చాను. గాలి లేదు. తలెత్తి చూస్తే ఫ్యాన్ ఆగి ఉంది. కరెంటు పోయింది. ఎప్పుడు పోయిందో, వంటింట్లో పొయ్యి దగ్గర నాకు తెలియలేదు. కంప్యూటర్‌కి కరెంటు పోయినా కాసేపు నిలబెట్టే బ్యాటరీ ఉండేది. దాన్ని మార్చే మనిషి మంచాన పడ్డాక అదీ చచ్చిపోయింది.

తెర నల్లగా ఉంది. ఆయన కొత్త కళ్లద్దాలు పెట్టుకుని, ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఆ నల్లటి తెరని చూస్తున్నారు.

దగ్గరికెళ్లి మెల్లగా అడిగాను. “ఎంతుంది?”

“నలభై మూడు.”

కుర్చీ పట్టుకుని గోడవైపు తిప్పాను. బరువుకి నా నడుం కలుక్కుమంది. ఆయన సున్నం గోడకేసి చూస్తున్నారు. “ఎంతుంది?”

“నలభై మూడు.”

ముందుకొచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను. “నేనెవరినండీ?” అని అడిగాను. మెత్తగా చూశారు. “మంచినీళ్లు కావాలా? నొప్పిగా ఉందా? నేనెవరిని? చెప్పండి, నేనెవరిని?” గొంతు పెరిగిపోతోంది నాకు. ఆయన పెదవులు కదల్లేదు. అన్నీ పోయి చివరికి “ఎంతుంది” అన్నాను ఏడుపు గొంతుతో. వెంటనే, తెలిసిన ప్రశ్న వచ్చిందన్న నిశ్చింతతో చెప్పారు. నలభై మూడు.

వంటింట్లో సేమియా మాడిన వాసన వచ్చింది. లేచి వెళ్లి పొయ్యి కట్టేశాను.

ఆయన ఎక్కించిన ప్రోగ్రామ్ అంత బాగా పనిచేసింది మరి. ఊరికే ఉన్న మిషన్‌ని ఊరికే ఉంచింది. ఎండలు ముదిరేదాకా ఆ అంకెని నెలల తరబడి కదలనివ్వలేదు. ఆయన ఒకే మాట అంటున్నారు, అదీ ఒకే అంకె చూపిస్తోంది, రెండూ కలిసిన చోట నేను నిలబడి చదువుతున్నారు అనుకున్నాను. రెండు ఆగిపోయిన గడియారాలు ఒకే టైము చూపిస్తుంటే రెండూ నడుస్తున్నాయనుకున్నట్టు. ఆ చలికాలంలోనే అది బాగా గాడి తప్పి ఉంటే ఆయన గుట్టు అప్పుడే తెలిసిపోయేది. దాన్ని గాడి తప్పనివ్వని పని ఆయనే చేసి పెట్టారు, మాట పడిపోకముందు, తన చేతులతో.

ఫోన్ తీసుకున్నాను. పాస్టర్ గారి నంబర్ తెరిచాను. ఏమని చెప్పను? మేలు జరగలేదు, పొరపాటు పడ్డాను, కూడిక వద్దు అని చెప్పాలి. వేలు అక్కడే ఆగిపోయింది. చెప్తే ఆ మాట నా చెవుల్తో నేను వినాలి. అది నావల్ల కాలేదు. మాడిన సేమియా పారేసి ఇంకొంత వేయించడం మొదలుపెట్టాను.

కరెంటు వచ్చింది. సీలింగ్ ఫ్యాన్ తిరిగింది. కంప్యూటర్ మాత్రం దానంతటది ఆన్ అవదు, ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. నేను నొక్కలేదు. కుర్చీని మళ్లీ దాని వైపు తిప్పి, ఆయన తల దువ్వి, ఉతికిన తెల్ల చొక్కా తొడిగాను.

సాయంత్రానికి గది నిండిపోయింది. చాపల మీద ఆడవాళ్లు, కుర్చీల్లో పెద్దవాళ్లు, గుమ్మంలో ఓనరమ్మ. కంప్యూటర్ బల్ల మూలకి ఉంటుంది, తెర ఆయన వైపు తిరిగి ఉంటుంది. మిగతావాళ్లకి దాని వీపే కనిపిస్తుంది. తెర కనిపించేది ఆయనకీ, ఆయన కుర్చీ పక్కన నిలబడ్డ నాకూ. రెండు కీర్తనలు పాడారు. డోలక్ మోతకి ఆయన కొంచెం బెదిరితే భుజం మీద చెయ్యేసి ఉంచాను. పాస్టర్ గారు వాక్యం చదివి, మూగవారి నాలుక పాడుతుందని చెప్పి, నావైపు తిరిగారు.

“అమ్మా, అయ్యగారిని అడగండి.”

వదిన కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించింది. ఆ ఒక్కసారి ఆయన నోరు విప్పకపోతే బాగుండునని దేవుణ్ణి అడిగాను. నేను నిజంగా మనసు పెట్టి చేసిన ప్రార్థన ఆ కూడికలో అదొక్కటే.

“ఏమండీ,” అన్నాను. “ఎంతుంది?”

ఆయన నల్లటి తెరని చూశారు. “నలభై మూడు.”

స్తోత్రం అని ఎవరో అరిచారు. ఇంకెవరో ఏడుస్తున్నారు. హల్లెలూయ, హల్లెలూయ అని చప్పట్లు. ఓనరమ్మ కూడా గుమ్మంలో నిలబడి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. వదిన వచ్చి తమ్ముడి తల గుండెకి ఆనించుకుని ఏడ్చింది. ఆయన ఆ కౌగిట్లోంచి నావైపు చూశారు, సరిగ్గా చెప్పాను కదా అన్నట్టు. నేను తల ఊపాను. నా చేతులు కూడా పైకి లేచే ఉన్నాయి. ఎప్పుడు ఎత్తానో తెలియదు. అంతమంది సంతోషం మధ్య నాకు అంత చీకటిగా ఎప్పుడూ అనిపించలేదు. అమ్మ పోయినప్పుడు కూడా లేదు. ఆయన బాత్రూమ్‌లో పడిపోయిన రోజున కూడా లేదు. ఆ రోజు బతుకుతారో లేదో తెలియదు, తెలియకపోవడంలో కాస్త వెసులుబాటు ఉండేది.

పాయసం బాగుందన్నారు అందరూ.

మళ్లీ మాటలు నేర్పే ఆవిడ వచ్చినప్పుడు, “మీరన్నదే నిజమండీ,” అన్నాను. ఎలా తెలిసిందని ఆవిడ అడగలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అట్టలు సంచిలోంచి తియ్యలేదు. వెళ్తూ వెళ్తూ, “మీరు సుత జెర పడుకోండి మేడమ్. మీ మొహం చూస్తే భయమైతుంది,” అంది. తర్వాత రావడం తగ్గించింది, నేనూ పిలవలేదు. పాస్టర్ గారు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటి సంగతి ప్రసంగంలో చెప్తారు. నేను వెనక బెంచీలో కూర్చుని వింటాను.

కంప్యూటర్ ఆన్ చెయ్యడం మానేశాను. ఆయనకి తేడా తెలియలేదు. పొద్దున్నే కొత్త కళ్లద్దాలు పెట్టి దాని ముందు కూర్చోబెడితే అలాగే కూర్చుంటారు. ఆ ప్రశ్న కూడా మానేద్దామనుకున్నాను. మోసం కదా, ఎవరిని మోసం చేస్తున్నానో తెలియకపోయినా. కొన్నాళ్లు మానేశాను కూడా. అడగకపోతే ఆయన తనంతట తాను ఏమీ అనరు. ఇల్లంతా కుక్కర్ కూత, నా చెప్పుల చప్పుడు, రోడ్డు మీద మిలిటరీ లారీలు. ఆయన గొంతు ఈ ఇంట్లో వినిపించాలంటే నా దగ్గర ఉన్నది ఆ ఒక్క ప్రశ్నే.

అందుకని మళ్లీ అడుగుతున్నాను. వంటింట్లోంచే. ఎదురుగా నిలబడి అడిగే ధైర్యం లేదు.

“నలభై మూడు,” అంటారు.

పొయ్యి మంట తగ్గించి, గరిటె చేత్తో పట్టుకుని, కాసేపు అలాగే నిలబడతాను, నీకే ఎక్కువుంది అంటారేమోనని.